చంపలేకపోయిన విషం

1912లో మద్రాసు హైకోర్టు ఒక హల్వా ముక్క గురించి తీర్పు చెప్పాల్సి వచ్చింది. ముద్దాయి ఒక మనిషి పేరు మీద, అతనికి తెలియకుండానే, పెద్ద మొత్తాలకు జీవిత బీమా చేయించాడు. ఆ మనిషి పోతే డబ్బు తన చేతికొస్తుందని లెక్క. ఒకనాడు అతన్ని తన బంధువుల ఇంటికి రమ్మని చెప్పి, చేతిలో హల్వా పెట్టాడు. అందులో ఆర్సెనిక్, పాదరసం నీళ్లలో కరిగే రూపంలో కలిపి ఉన్నాయి. అతను కొంచెం తిని మిగతాది పారేశాడు. విషం గట్టిగానే పట్టింది. చాలా బాధపడి, చివరికి కోలుకున్నాడు. పారేసిన హల్వా మాత్రం ఆ ఇంటి ఆడపిల్ల కంటపడింది. ఎనిమిదో తొమ్మిదో ఏళ్లుంటాయి, ముద్దాయికి మేనకోడలు. తీసుకుని తింది, చనిపోయింది.

ముసునూరు సూర్యనారాయణమూర్తి కేసుగా ఇది లా కాలేజీల్లో నేటికీ పాఠం. బతికిన మనిషి విషయంలో హత్యాయత్నం రుజువై, ముద్దాయికి ఏడేళ్ల కఠిన శిక్ష పడింది. పిల్ల చావుకు కూడా అతనే హంతకుడా అన్నదే హైకోర్టు ముందున్న ప్రశ్న. పిల్ల కథకు తర్వాత వద్దాం. ముందు బతికినవాడి సంగతి చూడాలి. విషం పెట్టి చంపిన కేసుల గురించి మనం చాలా విన్నాం, చదివాం. విషం పెట్టినా మనిషి చావని కేసులు చట్టానికీ, రసాయన శాస్త్రానికీ అంతకంటే చిక్కు. చనిపోతే శవం ఉంటుంది, పోస్టుమార్టం ఉంటుంది, కాలేయమూ మూత్రపిండాలూ సీసాల్లోకి చేరి ల్యాబుకు వెళ్తాయి. బతికినవాడి ఒళ్లు అలా సాక్ష్యాన్ని దాచిపెట్టదు. బతకడం కోసం ఆ సాక్ష్యాన్నే గంటగంటకూ బయటికి నెట్టేస్తుంది.

వంటింటికీ విస్తరికీ మధ్య

మనసులో ఎంత విషం ఉన్నా చట్టం ఏమీ చేయదు. చంపాలనుకోవడం నేరం కాదు. అందుకు సరంజామా సమకూర్చుకోవడం కూడా చాలావరకు హత్యాయత్నం కాదు. సన్నాహం దాటి ప్రయత్నంలో అడుగు పెట్టినప్పుడే హత్యాయత్నం మొదలవుతుంది. ఆ హద్దు సరిగ్గా ఎక్కడుందో చెప్పడం న్యాయశాస్త్రంలో పాత తగాదా. విషం విషయంలో మాత్రం మన చట్టం ఆ హద్దును వేలుపెట్టి చూపించింది.

1860 నాటి భారత శిక్షాస్మృతిలో హత్యాయత్నం 307వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 109వ సెక్షన్ అయింది. నంబరు మారింది గానీ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలు మారలేదు. వాటిలో ఒకటి విషం గురించే. దాని సారాంశం ఇది: ఒకడు మరొకరిని చంపాలని విషం కొన్నాడు, అన్నంలో కలిపాడు, ఆ అన్నం ఇంకా తన దగ్గరే ఉంచుకున్నాడు. అప్పటికి హత్యాయత్నం జరగలేదు. ఆ అన్నాన్ని అవతలివాడి భోజనాల బల్ల మీద పెట్టినా, అక్కడ పెట్టమని అతని నౌకర్ల చేతికిచ్చినా హత్యాయత్నం జరిగిపోయినట్టే. అవతలివాడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడా లేదా అన్నది ఆ ఉదాహరణలో ఎక్కడా లేదు.

దాని పక్కనే తుపాకీ ఉదాహరణ కూడా ఉంది. తుపాకీ కొని మందు దట్టించినా హత్యాయత్నం కాదు, పేల్చినప్పుడే అవుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చట్టం ఆలోచన తెలుస్తుంది. తుపాకీ పట్టినవాడు చివరి క్షణం దాకా తన చేత్తోనే పనిచేయాలి. విషం పెట్టేవాడికి ఆ అవసరం లేదు. పళ్లెం చేయి దాటాక మిగతా పనంతా తినేవాడి చేయే చేస్తుంది. అందుకే పళ్లెం చేయి దాటడమే విషప్రయోగంలో గుండు పేలడంతో సమానం. ఆ తర్వాత మనసు మారి పళ్లెం లాగేసుకుంటే శిక్ష వేసేటప్పుడు జడ్జి దయ చూపవచ్చు. జరిగిన నేరం మాత్రం జరగనట్టు కాదు.

అంతకు ముందు దశలో చట్టం చేతులు కట్టుకుని కూర్చుంటుందని కాదు. ఇద్దరు కలిసి పథకం వేస్తే విషం కొనకముందే నేరపూరిత కుట్ర అవుతుంది. విషాల అమ్మకానికి, నిల్వకు లైసెన్సులు, రిజిస్టర్లు ఉండాలని 1919 నాటి విషాల చట్టం చెబుతోంది. పురుగుమందులకు 1968 నుంచి వేరే చట్టం ఉంది. అమ్మకం రిజిస్టరులో ఒక సంతకం దొరికితే, తర్వాత కోర్టులో అది ఎంత బరువైన సాక్ష్యమవుతుందో ముందుముందు చూస్తాం.

శిక్షల సంగతి. 109వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు, జరిమానా. ఆ పని వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే యావజ్జీవం కూడా వేయవచ్చు. చట్టం దృష్టిలో దెబ్బంటే రక్తం కారాల్సిన పనిలేదు. ఒంటికి నొప్పి, రోగం, నీరసం ఏది కలిగినా దెబ్బే. విషం తిన్నవాడి వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. చంపే ఉద్దేశం రుజువు కాకపోతే 123వ సెక్షన్ ఉంది, పాత 328. హాని చేయడానికి గానీ, దొంగతనం లాంటి మరో నేరం సాగించుకోవడానికి గానీ విషమో మత్తుమందో తినిపిస్తే పదేళ్ల దాకా శిక్ష. రైల్లో పక్క సీటువాడు బిస్కెట్టు పెట్టి, మెలకువ వచ్చేసరికి పెట్టె మాయమైపోయే కేసులు ఈ సెక్షన్ కిందికే వస్తాయి. వెనకటి రోజుల్లో బాటసారులకు ఉమ్మెత్త గింజలు పెట్టి దోచుకున్నవాళ్ల మీదా ఈ సెక్షనే.

డోసు చాలకపోతే?

ముద్దాయి తరఫు లాయరు తప్పక లేవనెత్తే వాదన ఒకటుంది. "అయ్యా, దొరికిన విషం చీమను కూడా చంపదు, హత్యాయత్నం ఎలా అవుతుంది?" వినడానికి సబబుగానే ఉంటుంది. కోర్టులు మాత్రం దీన్ని తేలిగ్గా ఒప్పుకోవు.

1910లో ఇంగ్లండులో వైట్ అనేవాడి మీద కేసు నడిచింది. తల్లి తాగే పానీయంలో పొటాషియం సయనైడ్ కలిపాడు. ఆమె సోఫాలో చనిపోయి కనిపించింది. పక్కనే గ్లాసు, అందులో ముప్పాతిక వంతు అలాగే ఉంది. వైద్యులు పరీక్షిస్తే ఆమె గుండె ఆగి పోయిందని, విషం వల్ల కాదని తేలింది. పైగా గ్లాసులో కలిపిన సయనైడ్ ప్రాణం తీసే మోతాదు కూడా కాదు. హత్య కేసు నిలవలేదు. హత్యాయత్నం నిలిచింది. కొంచెం కొంచెంగా చంపాలన్నది అతని ఎత్తు అయితే, అందులో మొదటి మోతాదు వేయడం కూడా హత్యాయత్నమే అని కోర్టు తేల్చింది.

మన సుప్రీంకోర్టు 1961లో పంజాబ్ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే దారిన నడిచింది. అందులో విషం లేదు. భార్యకు రోజుల తరబడి తిండి పెట్టకుండా మాడ్చి చంపబోయిన భర్త ఉన్నాడు. ఆమె ఎలాగో బయటపడి ఆస్పత్రికి చేరింది. ప్రాణం తీసే చిట్టచివరి పనే చేసి ఉండాలన్న నియమం లేదని, ఆ వరసలోని ఒక్కో పనీ చంపే ఉద్దేశంతో చేస్తే చాలని కోర్టు అంది. తగిలిన గాయం ప్రాణం తీసేంతదై ఉండనక్కర్లేదని 1983లో మరో తీర్పు చెప్పింది. ఆహారంలో రోజూ చిటికెడు చొప్పున ఆర్సెనిక్ కలిపేవాడికి ఈ తీర్పులు గట్టిగా తగులుతాయి.

అసలు విషమే కానిదాన్ని విషమనుకుని పెడితే? ఇది ఊహ కాదు. 1874 నవంబరు 9న బరోడాలో బ్రిటిష్ రెసిడెంటు కర్నల్ ఫేర్ పొద్దున నడకనుంచి వచ్చి, రోజూ తాగే పంపరపనస షర్బత్ రెండు గుక్కలు తాగాడు. ఒంట్లో తేడా చేసి మిగతాది పారబోశాడు. గ్లాసు అడుగున నల్లటి మడ్డి కనిపించింది. రెసిడెన్సీ డాక్టరు సీవార్డ్ దాన్ని పరీక్షించాడు, బొంబాయిలోనూ పరీక్షలు జరిగాయి. ఆర్సెనిక్ ఉందని తేలింది, తళుకుమనే వజ్రపు పొడి కూడా ఉందన్నారు. వజ్రం పొడి మింగితే పేగులు కోసుకుపోతాయని మన కథల్లోనూ ఉంది. నిజానికి వజ్రం ఒంట్లో కరగదు, దేనితోనూ కలవదు. విషం పని చేసేది ఆర్సెనిక్ ఒక్కటే.

గ్లాసులో వజ్రపు పొడి మాత్రమే ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న మీద మన కోర్టుల్లో చాలాకాలంగా రెండు మాటలున్నాయి. చేసిన పనికి చంపగల శక్తి ఉండాలని 1867లో బొంబాయి హైకోర్టు అంటే, 1891లో అలహాబాద్ హైకోర్టు దానితో ఏకీభవించలేదు. మామూలు నేరయత్నం సెక్షన్‌లో మాత్రం జేబుదొంగ ఉదాహరణ ఉంది. ఖాళీ జేబులో చేయి పెట్టినా దొంగతనానికి ప్రయత్నించినట్టే. జేబులో డబ్బు లేకపోవడం దొంగ గొప్పతనం కాదు కదా!

తినాల్సినవాడు కాక మరొకరు

ఇప్పుడు హల్వా కేసులోని పిల్ల దగ్గరికి వద్దాం. ముద్దాయి ఆ పిల్లను చంపాలనుకోలేదు. ఆమె చేతికి హల్వా ఇవ్వలేదు. తినేటప్పుడు వద్దనడానికి అతనికి ఆ సంగతే తెలియదు. మధ్యలో హల్వా పారేసింది వేరే మనిషి, తీసుకున్నది ఆ పిల్ల. దీని మీద జడ్జీలు చీలారు. జస్టిస్ సుందరయ్యర్ ఇది హత్య కాదన్నారు. జస్టిస్ బెన్సన్ హత్యేనన్నారు. మూడో జడ్జి అబ్దుర్ రహీం ముందుకు కేసు వెళ్తే, ఆయన బెన్సన్ పక్షం వహించారు. హత్యానేరం ఖాయమైంది.

తీర్పుకు ఆధారం పాత 301వ సెక్షన్, ఇప్పటి 102. ఒకరిని చంపాలని చేసిన పని వల్ల మరొకరు చనిపోతే, అనుకున్నవాడే చనిపోయి ఉంటే ఏ నేరమయ్యేదో అదే నేరం. ఇక్కడ పిల్ల చావుకు మూలం ముద్దాయి కలిపిన విషమే. తినే వస్తువులో విషం కలిపి ఒక ఇంట్లో పెడితే అది ఎవరి నోట్లోకైనా పోవచ్చన్నది లోకమంతా ఎరిగిన సంగతి. దాన్ని ముద్దాయి మాత్రం ఎరగనంటే చెల్లదు.

ఇది నూరేళ్ల నాటి ముచ్చటగా మిగిలిపోలేదు. 2018 మార్చిలో ఇంగ్లండులోని సాల్స్‌బరీలో మాజీ రష్యా గూఢచారి సెర్గీ స్క్రిపాల్, ఆయన కూతురు యూలియా మీద నొవిచోక్ అనే నరాల విషం ప్రయోగించారు. ఇద్దరూ బతికారు. విషం తెచ్చినవాళ్లు పారేసిన నకిలీ సెంటు సీసా నెలల తర్వాత ఆ కేసుతో ఏ సంబంధమూ లేని ఒక జంటకు దొరికింది. ఆ సెంటు ఒంటికి రాసుకున్న డాన్ స్టర్జెస్ జులై 8న చనిపోయింది. అక్కడ కూడా విషానికి గురి అయినవాళ్లు బతికారు, పారేసింది దొరికినవాళ్లకు ప్రాణాంతకమైంది. విషాన్ని ఒకసారి వదిలాక అది ఎవరి దగ్గర ఆగుతుందో వదిలినవాడి చేతుల్లో ఉండదు. బాధ్యత మాత్రం అతని దగ్గరే ఉంటుందన్నది ఈ రెండు కేసులూ చెప్పే మాట.

ఒళ్లే కడిగేసే సాక్ష్యం

శతాబ్దాల పాటు విషప్రయోగానికి ఆర్సెనిక్‌దే పెద్దపీట. తెల్లటి పొడి, వాసన లేదు, రుచి దాదాపు తెలియదు, పిండిలో పంచదారలో ఇట్టే కలిసిపోతుంది. తిన్న కొద్దిసేపటికి వాంతులు, గంజినీళ్లలాంటి విరేచనాలు పట్టుకుంటాయి. కలరా ఊళ్లకు ఊళ్లను ఊడ్చేస్తున్న రోజుల్లో అలాంటి చావును ఎవరు అనుమానిస్తారు?

రుజువు చేయడం ఎంత కష్టమో 1833లో ఇంగ్లండులో తేలింది. కాఫీలో ఆర్సెనిక్ కలిపి తాతను చంపాడని ఒక మనవడి మీద కేసు పెట్టారు. జేమ్స్ మార్ష్ అనే రసాయనశాస్త్రవేత్త కాఫీలో ఆర్సెనిక్ కనిపెట్టాడు. అయితే పరీక్షలో వచ్చిన పసుపు మడ్డి జూరీకి చూపించే వేళకు పాడైపోయింది. ముద్దాయి బయటపడ్డాడు, తర్వాత తానే చేశానని ఒప్పుకున్నాడు. ఆ పట్టుదలతో మార్ష్ 1836లో కొత్త పరీక్ష తెచ్చాడు. అనుమానమున్న పదార్థాన్ని జింకు, ఆమ్లంతో కలిపితే అందులోని ఆర్సెనిక్ ఆర్సీన్ అనే వాయువుగా మారుతుంది. ఆ వాయువు పోయే గాజు గొట్టాన్ని వేడి చేస్తే లోపల నల్లగా మెరిసే పూత పడుతుంది. మిల్లీగ్రాములో యాభయ్యో వంతు ఆర్సెనిక్ ఉన్నా కంటికి కనబడుతుంది. ఆ పూతను జూరీ చేతికిచ్చి చూపించవచ్చు. మన దేశంలో ఇలాంటి పనికి మొదటి ప్రభుత్వ రసాయన పరీక్షాశాల 1849లో మద్రాసులోనే వచ్చింది.

మార్ష్ పరీక్ష నిలబడాలంటే ముందు పరీక్షించడానికి ఆర్సెనిక్ దొరకాలి. బతికి ఉన్న మనిషిలో అది ఎక్కడెక్కడ ఎంతకాలం ఉంటుందన్నదే అసలు లెక్క. రక్తంలో గంటల వ్యవధిలోనే పడిపోతుంది. మూత్రంలో రోజుల తరబడి వస్తుంది. ఒక్కసారి తిన్న మోతాదును పట్టుకోవడానికి మూత్రమే మేలైన నమూనా. ఆ గడువు దాటాక మిగిలేవి జుట్టు, గోళ్లు. ఆర్సెనిక్‌కు గంధకం ఉన్న ప్రోటీన్లంటే పట్టు ఎక్కువ. జుట్టులో, గోళ్లలో ఉండే కెరటిన్ అలాంటిదే. తల వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, దాన్ని ముక్కలు ముక్కలుగా కోసి పరీక్షిస్తే ఏ నెలలో విషం పడిందో అంచనా వేయవచ్చు. అందుకే వెంట్రుకలు తీసేటప్పుడు కుదురు వైపు ఏదో తెలిసేలా దారం కట్టి పంపుతారు. కొన్ని వారాలకు గోళ్ల మీద అడ్డంగా తెల్ల చారలు కూడా రావచ్చు, వాటిని మీస్ గీతలంటారు. మెల్లమెల్లగా విషం పెట్టిన కేసుల్లో ఈ జుట్టు, గోళ్ల సాక్ష్యమే ప్రాణం.

ఇందులో ఒక తిరకాసు ఉంది. రొయ్యలు, సముద్రపు చేపలు తిన్నవాళ్ల మూత్రంలోనూ ఆర్సెనిక్ ఎక్కువగా కనిపిస్తుంది. అది ఆర్సెనోబీటైన్ అనే హానిలేని రూపం. మొత్తం ఆర్సెనిక్ ఎంతుందో కొలిచి ఊరుకుంటే, కాకినాడలోనో భీమిలిలోనో రాత్రి రొయ్యల ఇగురు తిన్నవాడు పొద్దున విషం తిన్నవాడిలా తేలతాడు. ఏ రూపంలో ఉందో విడదీసి చూసిన రిపోర్టుకే విలువ.

మన ఊళ్లలో ఈనాడు విషమంటే మొదట గుర్తొచ్చేది పురుగుమందు. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గనోఫాస్ఫేట్ మందులు నరాలకూ కండరాలకూ మధ్య సంకేతాలను ఆపే కోలినెస్టరేస్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. కంటిపాప సూది మొనంత అవుతుంది, నోట్లో చొంగ కారుతుంది, ఒళ్లంతా చెమట, ఊపిరితిత్తుల్లో నీరు. డాక్టర్లు అట్రోపిన్ ఎక్కిస్తూ ప్రాణం నిలబెడతారు. మందు రక్తంలోంచి త్వరగానే పోతుంది. అది కొట్టిన దెబ్బ మాత్రం ఉంటుంది. ఎర్రకణాల్లోని ఎంజైము మళ్లీ మామూలు స్థాయికి రావడానికి కొత్త కణాలు పుట్టుకు రావాలి, ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అంటే విషం పోయిన చాలాకాలానికి కూడా రక్తపరీక్షలో దాని జాడ తెలుస్తుంది. ఈ జాడ విషం ఒంట్లోకి వెళ్లిందని చెబుతుంది. ఎవరు పోశారో, తనంతట తాను తాగాడో చెప్పదు. పురుగుమందు కేసుల్లో ఎక్కువ ఆత్మహత్యా ప్రయత్నాలే. ఘాటైన వాసన వల్ల తెలియకుండా తినిపించడమూ కష్టం. కాబట్టి కోర్టు ముందు ఆ అనుమానాన్ని తీర్చాల్సిన బరువు ప్రాసిక్యూషన్ మీద ఇంకాస్త పెరుగుతుంది.

క్యాజువాలిటీలో తొలి గంటలు

ఇలాంటి కేసు గెలవడమో ఓడడమో చాలాసార్లు కోర్టులో కాదు, ఆస్పత్రి క్యాజువాలిటీలో తేలిపోతుంది. విషం తిన్న మనిషి వచ్చాడంటే డాక్టరు చేసే పనుల్లో ఒకటి ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడగడం. ఆ గొట్టంలోంచి వచ్చిన మొదటి నీళ్లలోనే విషం అన్నింటికంటే ఎక్కువ ఉంటుంది. ఆ నీళ్లు బేసిన్‌లో పడి సింకులోకి పోతే, మనిషిని బతికించిన వైద్యమే సాక్ష్యాన్ని పారబోసినట్టవుతుంది. మొదటి కడుగు నీళ్లను శుభ్రమైన గాజు సీసాలో పట్టి, సీలు వేసి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు అప్పగిస్తే అదే కేసుకు వెన్నెముక.

ఏ నమూనాను దేనిలో దాచాలన్నదీ ముఖ్యమే. రక్తం చెడకుండా, గడ్డకట్టకుండా సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్ కలుపుతారు. వాంతి, కడుపు నీళ్లకు సాధారణంగా చిక్కటి ఉప్పునీరు. విషాన్ని సారాలో కలిపారన్న అనుమానముంటే నమూనా నిల్వకు స్పిరిట్ వాడకూడదు, వాడితే ఆల్కహాల్ ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. కలిపిన ఉప్పునీటిలోంచి కొంత వేరే సీసాలో పెట్టి అదీ పంపాలి. లేకపోతే విషం ఉప్పులోంచే వచ్చిందని వాదించే అవకాశం ఇచ్చినట్టే. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ కె.ఎస్. నారాయణరెడ్డి రాసిన ఫోరెన్సిక్ మెడిసిన్ పుస్తకం దేశమంతా మెడికల్ విద్యార్థులు చదివే పాఠ్యపుస్తకం. విషం కేసుల్లో డాక్టరు బాధ్యతలకు ఇలాంటి పాఠ్యపుస్తకాలు ప్రత్యేకంగా చోటిస్తాయి, కారణం ఇదే.

ఒంట్లోని సాక్ష్యం కరిగిపోయేదైతే, ఒంటి బయటి సాక్ష్యం ఎవరూ కడగనంతకాలం అలాగే ఉంటుంది. బరోడా కేసులో నేర నిరూపణ అంతా గ్లాసు అడుగున మిగిలిన మడ్డి మీదే మొదలైంది. ఆ గ్లాసు కడిగేసి ఉంటే కేసే లేదు. గ్లాసులో విషముందని తేలినా, అది పెట్టించింది బరోడా పాలకుడు గైక్వాడ్ మల్హర్ రావు అన్నది మాత్రం తేలలేదు. విచారణకు కూర్చున్న ఆరుగురిలో ముగ్గురు బ్రిటిషు సభ్యులు నేరం చేశాడన్నారు, గ్వాలియర్ సింధియా, జైపూర్ మహారాజు, సర్ దినకర్ రావు ఒప్పుకోలేదు. చివరికి విషం పేరుతో కాకుండా, పాలన బాగాలేదన్న పేరుతో 1875లో అతన్ని గద్దె దించారు.

మన పల్లెల్లో ఇంకో ప్రమాదం ఉంది. ఎవరికైనా కారణం తెలియకుండా నీరసం, వాంతులు పట్టుకుంటే "ఎవరో మందు పెట్టారు" అంటారు. మందు కక్కిస్తామనే నాటువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. అతను పసరు తాగించి వాంతి చేయించి, ఏదో గడ్డను చూపిస్తాడు. రోగం నిజంగా విషం వల్లే అయితే అక్కడితో సాక్ష్యం పోతుంది, వైద్యమూ ఆలస్యమవుతుంది. విషం కాకపోతే ఏ పాపమూ ఎరగని కోడలో పక్కింటివాళ్లో ఊరందరి నోళ్లలో నేరస్తులవుతారు. రెండింటిలో ఏది నిజమో చెప్పగలిగింది ఆస్పత్రిలో పట్టిన సీసా ఒక్కటే.

కోర్టు అడిగే నాలుగు ప్రశ్నలు

1984లో శరద్ బిర్దీచంద్ శార్దా కేసులో సుప్రీంకోర్టు విషం హత్యలకు నాలుగు ప్రశ్నలు కట్టింది. చంపడానికి ముద్దాయికి స్పష్టమైన కారణముందా? మనిషి పోయింది ఆ విషం వల్లేనా? ఆ విషం ముద్దాయి దగ్గర ఉండేదా? దాన్ని పెట్టే అవకాశం అతనికి దొరికిందా? పుణేలో సయనైడ్‌తో చనిపోయిన ఒక యువతి కేసు అది. ఆత్మహత్య అయ్యే అవకాశాన్ని కొట్టేయలేక కోర్టు భర్తను విడిచిపెట్టింది. హత్యాయత్నంలో రెండో ప్రశ్న "జబ్బు పడింది ఆ విషం వల్లేనా" అని మారుతుంది, మిగతా మూడూ మారవు.

ఈ ప్రశ్నల మూలాలు 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉన్నాయి. విషం లక్షణాలు కనబడక ముందు మనిషి ఆరోగ్యం ఎలా ఉండేది, అతని అలవాట్లు ముద్దాయికి తెలుసా అన్నవి సాక్ష్యంగా పనికొస్తాయని అందులోని ఒక ఉదాహరణ చెప్పింది. చావుకు ముందు ముద్దాయి అలాంటి విషమే సంపాదించాడన్నది కూడా లెక్కలోకి వస్తుందని ఇంకో ఉదాహరణ. రోజూ పొద్దున షర్బత్ తాగే అలవాటు, పురుగుమందుల దుకాణం రిజిస్టరులో సంతకం, బీమా పాలసీ మీద తేదీ, ఇవన్నీ ఇక్కడే పనికొస్తాయి.

నాలుగు ప్రశ్నలనూ యాంత్రికంగా పట్టుకోకూడదని కూడా కోర్టులు చెప్పాయి. విషం ముద్దాయి దగ్గర దొరకలేదన్న ఒక్క కారణంతో విడిచిపెట్టకూడదని 1988లో భూపిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. విషం పెట్టేవాడు దాన్ని ఇంట్లో దాచుకుని పోలీసుల కోసం ఎదురుచూడడు కదా. శవంలో ఏ విషమూ దొరకని లాగూ కేసులో, చుట్టూ ఉన్న పరిస్థితులన్నీ ఒకేవైపు వేలు చూపించడంతో శిక్ష నిలిచింది. ముద్దాయి డాక్టరు, చనిపోయినామె అతని పేషెంటు.

2024 నుంచి దర్యాప్తులో ఒక మార్పు వచ్చింది. ఏడేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలని, వీడియో తీయాలని కొత్త నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. రాష్ట్రాలు దీన్ని పూర్తిగా అమలు చేయడానికి ఐదేళ్ల గడువుంది. పదేళ్ల శిక్షకు అవకాశమున్న విషప్రయోగం ఇందులోకి వస్తుంది. వంటింట్లో మిగిలిన కూర గిన్నె, చెత్తబుట్టలోని ఖాళీ ప్యాకెట్టు, సింకు కింది గొట్టం ఇకముందు కానిస్టేబుల్ కంటికి వదిలిపెట్టే విషయాలు కావు. ల్యాబు రిపోర్టును నిపుణుడు కోర్టుకు రాకపోయినా సాక్ష్యంగా చదవవచ్చు. అవసరమైతే కోర్టు అతన్ని పిలిపించి అడగవచ్చు.

హత్యాయత్నం కేసుకు ఉన్న పెద్ద బలం బాధితుడే. అతను బోనెక్కి మాట్లాడగలడు. హల్వా ఎవరిచ్చారు, రుచి ఎలా ఉంది, ఎంత తిన్నాడు, ఎంతసేపటికి వాంతి అయింది, ఇవి శవం చెప్పలేని సంగతులు. అందులోనే ఒక మెలిక కూడా ఉంది. చనిపోతాడేమోనని ఆస్పత్రిలో మేజిస్ట్రేటు మరణ వాంగ్మూలం రాసుకుంటారు. మనిషి చనిపోతే ఆ కాగితం ఒక్కటే శిక్షకు చాలవచ్చు. బతికితే దాని హోదా పడిపోతుంది. తర్వాత కోర్టులో చెప్పేదానికి బలం చేకూర్చడానికో, మాట మార్చినప్పుడు నిలదీయడానికో మాత్రమే పనికొస్తుంది. బాధితుడు మళ్లీ అంతా మొదటినుంచి చెప్పి, క్రాస్ ఎగ్జామినేషన్‌కు తట్టుకోవాలి. విషం పెట్టింది భర్తో, అన్నో, పెద్దకొడుకో అయితే కేసు విచారణకొచ్చే లోపల రాజీ మాటలు మొదలవుతాయి, సాక్షి మెత్తబడతాడు. అప్పుడు మాట మార్చకుండా మిగిలేది మొదటి రోజు పట్టిన సీసా, సీలు వేసిన వెంట్రుకలు, ల్యాబు రిపోర్టు.

అందుకే ఇంట్లో ఎవరికైనా విషం పెట్టారన్న అనుమానం కలిగితే చేయాల్సిన పనులు చాలా మామూలువి. మనిషిని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో బలవంతంగా వాంతి చేయించకూడదు. తిన్న గిన్నె, గ్లాసు, మిగిలిన పదార్థం కడగకుండా మూతపెట్టి పోలీసులకివ్వాలి. అయిన వాంతి మీద నీళ్లు పోయకూడదు. డాక్టరుకు అనుమానం దాచకుండా చెప్పి, మెడికో లీగల్ కేసుగా రాయమని అడగాలి. నేరం చేసినవాడి మీద చట్టం చేయి పడాలన్నా, చేయనివాడు బయటపడాలన్నా ఆ గిన్నె కడగకుండా ఉంచడమే మొదటి పని.